పట్టకం పక్కన చారలు

సి.వి. రామన్ అనగానే మనకు నోబెల్ బహుమతి, ఫిబ్రవరి 28న జరిపే సైన్స్ డే గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆయన విద్యార్థిగా ల్యాబ్‌లో చేసిన పనే ఎక్కువ ఇష్టం.

రామన్ 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లి దగ్గర పుట్టారు. తండ్రి చంద్రశేఖర అయ్యర్ విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీలో లెక్చరర్ కావడంతో బాల్యమంతా విశాఖలోనే గడిచింది. పదకొండేళ్లకే మెట్రిక్ పాసయ్యారు. 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బి.ఏ. ఫస్టు ర్యాంకుతో ముగించి, అక్కడే ఎం.ఏ.లో చేరారు.

స్పెక్ట్రోమీటర్‌తో పట్టకం కోణం కొలవడం ఏ కాలేజీలోనైనా మామూలు ప్రాక్టికలే. టెలిస్కోపులో చీలిక ప్రతిబింబం చూడాలి, వెర్నియర్ రీడింగ్ రాసుకోవాలి, రికార్డు మీద సంతకం పెట్టించుకోవాలి. ఇంజనీరింగ్‌లో నేనూ చేశాను. నా రీడింగులు సగం పక్క బల్ల వాడివి.

రామన్ చూసింది వేరు. కాంతి పట్టకం ముఖాన్ని దాదాపు రాసుకుంటూ పోయేంత ఏటవాలుగా పడినప్పుడు ప్రతిబింబం పక్కన చారలు కనిపించాయి. అంత ఏటవాలుగా చూస్తే పట్టకం ముఖమే సన్నని చీలికలా పనిచేస్తుంది కాబట్టి, వివర్తనం వల్ల చారలు రావడంలో వింత లేదు. కానీ మామూలు చీలికతో వచ్చే చారలు రెండు వైపులా సమానంగా ఉంటాయి, ఇవి లేవు. ఆ తేడా ఎందుకో తేలేదాకా ఆయన వదల్లేదు.

రాసిన పేపరు ప్రొఫెసర్ జోన్స్‌కు ఇస్తే నెలలు గడిచినా ఏ మాటా రాలేదు. దాంతో నేరుగా లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌కు పంపారు. 1906 నవంబర్ సంచికలో తన ఒక్కడి పేరుతో అచ్చయింది. ఆ నెలలోనే పద్దెనిమిదేళ్లు నిండాయి.

జోన్స్‌ను తప్పుపట్టేవాళ్లున్నారు. నేను పట్టను. ఎం.ఏ. రెండేళ్లలో రామన్ విన్న లెక్చర్ ఒక్కటేనట! అయినా హాజరు పట్టీ అడ్డుపెట్టకుండా, ల్యాబ్‌లో ఆయన ఇష్టానికి వదిలేశారు. మన టీచర్లకు తెలుసు, అదేమంత తేలిక కాదని.

ఆరోగ్యం చాలదని డాక్టరు చెప్పడంతో ఇంగ్లండ్ చదువు ఆగిపోయింది. 1907లో కలకత్తాలో అకౌంట్స్ ఉద్యోగంలో చేరారు. ఆఫీసుకు ముందు, ఆఫీసు అయ్యాక బౌబజార్ వీధిలోని సైన్స్ అసోసియేషన్ ల్యాబ్‌కు వెళ్లేవారు. 1917లో జీతం తగ్గినా ఆ ఉద్యోగం వదిలి యూనివర్సిటీ ప్రొఫెసర్ అయ్యారు. 1928లో అదే బౌబజార్ ల్యాబ్‌లో రామన్ ఎఫెక్ట్ దొరికింది, 1930లో నోబెల్ వచ్చింది. 1970 నవంబర్ 21న బెంగుళూరులో, తాను కట్టించుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోనే కన్నుమూశారు.