ఒక్కసారి రాస్తే చాలు

ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన నిర్వాకం ఒకటి చెబుతాను. బిల్లు మీద తగ్గింపు కట్టే లెక్క ఒకటి అయిదు చోట్ల కావాల్సొచ్చింది. ఇంకేముంది, ఒకచోట రాసింది తీసుకెళ్లి మిగతా నాలుగు చోట్లా అతికించేశాను. ఆర్నెల్లకి తగ్గింపు శాతం మారింది. నాలుగు చోట్ల సరిదిద్దాను, అయిదోది మర్చిపోయాను! ఆ తప్పు వెతకడానికి రెండు రోజులు పట్టింది. అప్పుడు మా సీనియర్ ఒకావిడ నవ్వి, గ్రేస్ హాపర్ జీవితం చదవమంది. చదివితే, నా తప్పుకి మందు ఆవిడ నేను పుట్టకముందే కనిపెట్టిందని తెలిసింది. సిగ్గేసింది. చదవడం పూర్తయ్యేసరికి ధైర్యమూ వచ్చింది.

గ్రేస్ 1906 డిసెంబరు 9న న్యూయార్క్‌లో పుట్టింది. ఏడేళ్లప్పుడు లోపల ఏముందో చూద్దామని అలారం గడియారం విప్పింది. తిరిగి బిగించడం రాలేదు. అదెలాగో తెలుసుకోవడానికి రెండోది విప్పింది. అలా అలా ఇంట్లోని ఏడు గడియారాలూ ఊడదీసింది! వాళ్లమ్మ పట్టుకుంది గానీ, ఆ పని పూర్తిగా మాన్పించలేదు. ఇకనుంచి ఒక్క గడియారంతోనే ఆడుకోమంది, అంతే. ఇక నాన్నకేమో, కొడుకుతో సమానంగా కూతుళ్లూ చదవాలని పట్టుదల. గ్రేస్ 1928లో వాసర్ కాలేజీలో డిగ్రీ, 1934లో యేల్ విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేట్ సాధించింది. మధ్యలో 1930లో విన్సెంట్ హాపర్‌తో పెళ్లయింది. మరుసటి ఏడాది నుంచే వాసర్‌లో పాఠాలు చెప్పసాగింది.

ముప్ఫై ఏడేళ్లకు మళ్లీ మొదలు

1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగింది. గ్రేస్ నౌకాదళంలో చేరతానంటే వద్దన్నారు. వయసు ఎక్కువ, బరువు తక్కువ, పైగా లెక్కల టీచరుగా ఉండడమే దేశానికి మేలన్నారు. ఆవిడ వదిలితేనా! బరువు విషయంలో మినహాయింపు తెచ్చుకుని, కాలేజీకి సెలవు పెట్టి, 1943 డిసెంబరులో చేరింది. అప్పటికి ఆవిడ వయసు 37. శిక్షణలో మొదటి స్థానం తెచ్చుకుంది. 1944 జులైలో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడ ఉంది మార్క్ వన్ అనే కంప్యూటరు. 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు! చెయ్యాల్సిన ప్రతి పనినీ కాగితపు టేపు మీద చిల్లులు పొడిచి దానికి చెప్పాలి.

సరిగ్గా నడిచిన లెక్కల ముక్కల్ని అక్కడివాళ్లు నోటు పుస్తకాల్లో రాసి పెట్టుకునేవారు. ఎవరికైనా అదే లెక్క కావాలంటే పుస్తకం అడిగి తెచ్చుకుని ఎత్తి రాసుకోవడమే. అలా రాయడంలో ఒక గుర్తు ఇంకొకటయ్యేది, అంకె తారుమారయ్యేది. అంత చదువుకున్నవాళ్లూ చూసి రాయడంలో తప్పులు చేస్తున్నారని గ్రేస్ గమనించింది. మనిషికి విసుగు తెప్పించే ఆ పనిని యంత్రానికే ఎందుకు అప్పగించకూడదు? ఆవిడ దారిని మలిచిన ప్రశ్న అదే.

సొంత జీవితం మాత్రం ఒడిదుడుకుల్లో పడింది. 1945లో విడాకులయ్యాయి. పిల్లల్లేరు. 1949లో హార్వర్డ్ కొలువూ ముగిసింది. తాగుడు అలవాటుతోనూ ఆవిడ పోరాడాల్సి వచ్చింది. ఆ పరిస్థితుల్లోనే ఫిలడెల్ఫియాలో యూనివాక్ కంప్యూటరు తయారుచేస్తున్న ఒక చిన్న కంపెనీలో చేరింది.

అక్కడే తన ప్రశ్నకు జవాబు దొరికింది. పనికొచ్చే ప్రతి ముక్కకీ ఒక గుర్తు ఇచ్చి టేపు మీద భద్రపరిచింది. ప్రోగ్రాము రాసేవాళ్లు ఆ గుర్తు రాస్తే చాలు, యంత్రమే ముక్కను వెతికి తెచ్చి సరైనచోట అమర్చుకుంటుంది. దాని పేరు ఏ-జీరో. 1952లో ఆ సంగతి పది మంది ముందూ పెట్టింది. ఇప్పటి కంపైలర్లతో పోలిస్తే చిన్నదే. అయినా చాలామంది నమ్మలేదు. కంప్యూటరుకి కూడికలు, తీసివేతలు తప్ప ప్రోగ్రాములు కూర్చడం ఎలా వస్తుందన్నారు!

ఆవిడ ఇంకో అడుగు వేసింది. దుకాణం లెక్కలు చూసేవాళ్లకి గణిత చిహ్నాలెందుకు, మామూలు మాటలతో చెప్పుకోనివ్వండి అంది. ఇంగ్లిషు మాటలతో నడిచే ప్రోగ్రాము చూపిస్తూ, అదే ఫ్రెంచిలో, జర్మన్‌లో కూడా రాసి చూపించింది. పెద్దలు బెంబేలెత్తారు. ఫిలడెల్ఫియాలో తయారైన యంత్రానికి పరాయి భాషలెలా వస్తాయని! ఆ కృషిలోంచి ఫ్లో-మ్యాటిక్ భాష వచ్చింది. 1959లో మొదలైన కోబోల్‌కి అదే ముఖ్యమైన ఆధారం. కోబోల్‌ని తయారుచేసింది ఒక సంఘం. జీన్ సామెట్ వంటి స్త్రీలు అందులో గట్టిగా పనిచేశారు. గ్రేస్ సలహాదారు. 1960 డిసెంబరులో ఒకే కోబోల్ ప్రోగ్రాము రెండు వేరువేరు కంపెనీల కంప్యూటర్ల మీద నడిచింది.

మిక్సీ లోపల ఏముందో మనకెందుకు?

ఇప్పుడు పిల్లలు చదివే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌ని ఆవిడ కనిపెట్టలేదు. దానికి పునాది 1960ల్లో నార్వేలో పుట్టిన సిమ్యులా భాష. కానీ ఓసారి సరిగ్గా చేసిన ముక్కకి పేరుపెట్టి అందరూ వాడుకోవాలన్న ఆలోచన రెండింటిలోనూ ఉంది. సమాచారాన్నీ, దానితో చేసే పనినీ ఒకే పెట్టెలో ఉంచడం ఈ కొత్త పద్ధతి అదనంగా చెప్పింది. మన మిక్సీనే తీసుకోండి. మీట నొక్కితే పచ్చడి నలుగుతుంది. లోపలి మోటారు మార్చినా మనం పచ్చడి చేసే తీరు మారదు. బ్యాంకు ఖాతా ప్రోగ్రామూ అంతే. నిల్వనీ, డబ్బు వేయడం, తీయడం అనే పనుల్నీ కలిపి ఉంచాలి. బయటివాళ్లు నిల్వ మీద నేరుగా చెయ్యి పెట్టకూడదు. లెక్క మారితే ఆ పెట్టెలోనే మారుస్తాం.

ఇలా చేయకపోతే ఏమవుతుందో 2000 సంవత్సరం వస్తోందనగా లోకమంతా చూసింది. చోటు ఆదా చేద్దామని పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే రాశారు. తేదీ లెక్క వేల చోట్ల చెల్లాచెదురుగా ఉంది. ప్రతిచోటా వెతికి దిద్దాల్సి వచ్చింది. ఆ పని కోసమే 1990ల చివర్లో ఎందరో మన తెలుగు పిల్లలు అమీర్‌పేట సందుల్లో కోబోల్ నేర్చుకుని విమానమెక్కారు. ఆ కోబోల్‌కీ 2002 ప్రమాణంలో ఆబ్జెక్టులు వచ్చాయి. అప్పటికి గ్రేస్ పోయి పదేళ్లయింది.

1966 చివర్లో నౌకాదళం ఆవిడకి పదవీ విరమణ ఇచ్చింది. ఏడాది తిరక్కుండానే, కంప్యూటరు భాషలు గాడిలో పెట్టాలంటూ ఆర్నెల్ల కోసం వెనక్కి పిలిచింది. ఆ ఆర్నెల్లు 19 ఏళ్లయ్యాయి! 1986లో 79 ఏళ్ల వయసులో, రియర్ అడ్మిరల్ హోదాలో దిగిపోయింది. ఆ తర్వాతా ఇంకో కంపెనీకి సలహాలిస్తూ ఊరూరా తిరిగి పాఠాలు చెప్పింది. 1992 జనవరి 1న కన్నుమూసింది. నౌకాదళం ఒక యుద్ధనౌకకి ఆవిడ పేరు పెట్టింది.

ఆవిడ ఆఫీసు గోడ మీది గడియారం ముళ్లు వెనక్కి తిరిగేవట. టైము మాత్రం సరిగ్గానే చూపించేది. ఎప్పుడూ ఇలాగే చేస్తున్నాం కదా అనే మాట ఆవిడకి గిట్టేది కాదు మరి. రాసినదాన్నే మళ్లీ తీసుకెళ్లి అతికించబోతున్నప్పుడల్లా నాకు ఆ గడియారం గుర్తొస్తుంది. చెయ్యి ఆగుతుంది. ఆ ముక్కకో పేరు పెడతాను. ఒక్కసారే రాస్తాను.