న్యాపతి సుబ్బారావు పంతులుగారు

మన మంజీర కందకుర్తికడ గోదావరిలో కలియును. ఆ నీరే కడకు రాజమహేంద్రవరపు రేవులను తాకును. ఆ పట్టణమున న్యాయవాదిగా నుండి, శాసనసభలో ప్రజల పక్షమున నిలిచి, తెలుగువారి చేతికి నవలల నందించిన మహనీయుడు న్యాపతి సుబ్బారావు పంతులుగారు. మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున వారిని స్మరించుకొనుట మనకు విధి.

పంతులుగారు 1856లో నెల్లూరున జన్మించిరి. చెన్నపట్టణమున క్రైస్తవ కళాశాలలో చదివి పట్టభద్రులై, పిదప న్యాయశాస్త్రమును అభ్యసించిరి. ఆ విద్యార్థి దశలోనే వారొక గొప్ప కార్యమున పాలుపంచుకొనిరి. 1878లో ముత్తుస్వామి అయ్యరుగారిని ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నియమింపగా, ఆంగ్లేయుల పత్రికలు ఆ నియామకమును నిందించెను. దేశీయుల మాట చెప్పుటకు ఒక పత్రిక కావలెనని ఆరుగురు యువకులు పూనుకొనిరి. వారిలో ఇరువురు ఉపాధ్యాయులు, నలుగురు న్యాయశాస్త్ర విద్యార్థులు. రూపాయి పండ్రెండణాలు అప్పు తెచ్చి, ఎనుబది ప్రతులు అచ్చు వేసి, 'హిందూ' వారపత్రికను వెలువరించిరి. ఆ నలుగురు విద్యార్థులలో సుబ్బారావుగారొకరు.

1880 ప్రాంతమున వారు రాజమహేంద్రవరము చేరి వకీలు వృత్తి నారంభించిరి. కొలదికాలములోనే పేరును ధనమును గడించిరి. అంతటితో తృప్తి చెందక పురపాలక సంఘాధ్యక్షులై ఊరి సేవయు చేసిరి.

1892 నాటి శాసనము ననుసరించి, శాసనసభలకు పురపాలక సంఘములు, జిల్లా బోర్డులు కొందరి పేర్లను సూచించు వీలు కలిగెను. ఆ విధముగా 1893లో పంతులుగారు చెన్నపురి శాసనసభలో సభ్యులైరి. ఆ సభకు నేటి శాసనసభల కున్న అధికారములు లేవు. ఆదాయవ్యయ పట్టికపై మాటలాడవచ్చును గాని వోటు వేయరాదు. ప్రశ్న అడుగవచ్చును గాని, వచ్చిన సమాధానముపై మరల ప్రశ్నింపరాదు. ఇట్టి సభలో ప్రజా ప్రతినిధికి ప్రశ్నయే ఆయుధము. కాని ఆ ప్రశ్నను పత్రికలో చదివి, అది తన బాధయే యని గ్రహించు ప్రజలున్నగదా ఆ ఆయుధమునకు పదును! 1901 జనాభా లెక్కల నాటికి దేశమున చదువ నేర్చినవారు నూటికి ఇంచుమించు అయిదుగురే.

ఈ లోటును తీర్చుటలో పంతులుగారు చేసిన కృషిని మనము మరువరాదు. రాజమహేంద్రవరమున వారి యాజమాన్యమున 'చింతామణి' మాసపత్రిక వెలువడెను. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి సంపాదకులు. అప్పటికి తెలుగున నవలలు వ్రేళ్లపై లెక్కింపదగినవి. చింతామణి నవలలకు పోటీలు పెట్టి, బహుమతులిచ్చి, గెలిచిన రచనలను ప్రకటించెను. చిన్ననాటినుండి చూపు తక్కువగా నుండి, బడిపంతులుగా జీవించుచు, నాటకములు వ్రాయుచుండిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ పోటీకై నవల వ్రాయుటకు పూనుకొనిరి. 1894లో వారి 'రామచంద్ర విజయము' బహుమతి నందెను. తరువాత 'హేమలత' వచ్చెను. వకీలు సంపాదన ఒక ప్రక్రియకు పాదు కట్టి నీరు పోసెనని చెప్పవచ్చును.

పిదప పంతులుగారు 1914లో బెజవాడలో జరిగిన రెండవ ఆంధ్ర మహాసభకు అధ్యక్షులైరి. ఆ యేటినుండి 1917 వరకు అఖిలభారత కాంగ్రెసు కార్యదర్శులలో నొకరుగా నుండిరి. 1917లో మాంటేగు దొర చెన్నపట్టణమునకు రాగా, ఆంధ్రుల కోర్కెను విన్నవించిన ప్రతినిధి వర్గమునకు నాయకత్వము వహించిరి. 1918లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘము ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షులు వారే.

1920లో సహాయ నిరాకరణోద్యమము వచ్చెను. కోర్టులను శాసనసభలను విడువుడని గాంధీమహాత్ముడు పిలుపునిచ్చెను. మితవాదులగు పంతులుగారు ఆ బాట పట్టలేదు. దేశము ముందునకు సాగెను. వారు వెనుక నిలిచిరి. ఇది వారి జీవితమునకు లోపమని కొందరందురు. కాని ఆ వేలాది ప్రజలను మేల్కొల్పిన పత్రికలకును పుస్తకములకును ఆదిలో దారి తీసినవారిలో పంతులుగారును ఉండిరను మాట మరచుట న్యాయము గాదు. 1941లో వారు పరమపదించిరి.

పంతులుగారు శాసనసభలో కూర్చున్న నాళ్లలో మన ప్రాంతము నిజాము పాలనలో నుండెను. తెలుగు పుస్తకము దొరకుటయే అరుదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన పిమ్మట గదా తెలంగాణమున గ్రంథాలయముల దీపములు ఒకదానినుండి యొకటి వెలుగుట! మనూరు గ్రంథాలయము ఆ వరుసలోనిదే. శాసనసభకు పంపినవారు మన ప్రశ్నను అడుగవలెనన్న, ఆ ప్రశ్న యేమో మనకు ముందు తెలియవలెను. అది తెలుపునది చదువే. ఈ బల్లల యొద్ద కూర్చుండి నవల చదువు బాలికయు, వార్తాపత్రిక చదువు రైతును పంతులుగారి కృషికి వారసులే. ఈ సంస్థ స్వర్ణోత్సవము నాటికి అట్టి పాఠకులు ఇంటింటను వర్ధిల్లుదురు గాక!