ఈ నెల మహనీయుడు: లూయీ పాశ్చర్



ఉదయం హడావిడిలో ఫ్రిజ్ తెరిచి, నిన్నటి కూర మూత తీసి వాసన చూస్తాం. తేడా అనిపించకపోతే వేడి చేసి పిల్లల లంచ్ బాక్సులో సర్దేస్తాం. ఆ పరీక్ష ఎందుకు చాలదో లూయీ పాశ్చర్ జీవితం చదివితే అర్థమవుతుంది.

పాశ్చర్ 1822 డిసెంబర్ 27న ఫ్రాన్స్‌లోని డోల్ పట్టణంలో పుట్టారు. తండ్రిది తోళ్లు శుద్ధి చేసే వృత్తి. చిన్నతనంలో పాశ్చర్ చదువులో కంటే బొమ్మలు వేయడంలోనే ముందుండేవారు. పట్టుదలగా చదివి రసాయన శాస్త్రవేత్త అయ్యారు.

1856లో ఆయన లీల్ నగరంలో ప్రొఫెసర్. బీట్ దుంపల రసం నుంచి ఆల్కహాల్ తీసే ఒక విద్యార్థి తండ్రి, తన తొట్లలో సరుకు పాడవుతోందని ఆయన సాయం కోరారు. పాశ్చర్ రెండు రకాల తొట్ల రసాన్నీ మైక్రోస్కోపులో చూశారు. మంచి రసంలో గుండ్రటి ఈస్ట్ కణాలు, చెడిన రసంలో సన్నటి కడ్డీల్లాంటి జీవులు కనిపించాయి. పాలు పులియడం వెనుకా సూక్ష్మజీవులే ఉన్నాయని మరుసటి ఏడాది ప్రకటించారు.

తర్వాత హంస మెడలాంటి వంపు గొట్టం ఉన్న గాజు కుప్పెలో మాంసరసం లాంటి ద్రవాన్ని మరిగించారు. అది చెడలేదు. మెడ విరగ్గొట్టి గాలిలోని దుమ్ము పడనిస్తే కొద్ది రోజుల్లోనే చెడింది. పొద్దున మరిగించిన పులుసు రాత్రిదాకా స్టవ్ మీద ఉంటే జరిగేదీ అదే. వైన్ చెడకుండా మితంగా వేడి చేసే పద్ధతినీ ఆయన రూపొందించారు. నేటి పాల ప్యాకెట్ మీది 'పాశ్చరైజ్డ్' అన్న మాట ఆయన పేరు మీద వచ్చిందే.

ఆ సంవత్సరాల్లోనే ఆయన ఇంట తీరని దుఃఖం. 1859లో తొమ్మిదేళ్ల జీన్, 1866లో పన్నెండేళ్ల సిసిల్ టైఫాయిడ్‌తో చనిపోయారు. కలుషితమైన నీరు, ఆహారం ద్వారా వచ్చే ఆ జబ్బుకు కారణమైన క్రిమిని అప్పటికి ఎవరూ గుర్తించలేదు. 1868లో పక్షవాతం వచ్చినా ఆయన పరిశోధన ఆపలేదు. 1885లో పిచ్చికుక్క కాటుకు టీకా వేసి ఒక బాలుణ్ణి కాపాడారు. భోజనానికి ముందు గ్లాసు, ప్లేటు తానే తుడుచుకునేవారు. 1895 సెప్టెంబర్ 28న కన్నుమూశారు.

కూరకు చెడు వాసన తెచ్చే క్రిములు వేరు, మనిషిని జబ్బు పరిచే క్రిములు చాలావరకు వేరు. రెండో రకం పెరిగినా రుచి, వాసన మారకపోవచ్చు. ఫ్రిజ్ చలి వాటిని చంపదు, పెరుగుదలను నెమ్మది చేస్తుంది, అంతే. బయట ఎక్కువసేపు ఉన్న అన్నంలో తయారయ్యే ఒక విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే ముక్కు కంటే గడియారాన్ని నమ్మాలి.

ఇంట్లో పాటిద్దాం:
• వండిన రెండు గంటల్లోపు, వెడల్పు గిన్నెల్లో ఫ్రిజ్‌లో పెట్టండి.
• ఫ్రిజ్ 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలి.
• అన్నం మరుసటి రోజుకల్లా, పప్పు, కూరలు మూడు రోజుల్లోపు ముగించండి.
• కావలసినంతే తీసి, లోపలిదాకా పొగలు వచ్చేలా ఒక్కసారే వేడి చేయండి.
• కరెంటు నాలుగు గంటలకు మించి పోతే, ఫ్రిజ్‌లోని వండిన పదార్థాలు పారేయండి.

గిన్నె మీద వండిన తేదీ రాసే పని ఈ వారం మీ పిల్లలకు అప్పగించండి. ఎందుకని వాళ్లు అడిగితే, పాశ్చర్ కథ చెప్పండి.