గంధపుచెక్క విలువ తెలిసిన దివాను

తెలుగు కుటుంబమున పుట్టి, పరభాషా ప్రాంతములలో విద్య నేర్చి, పేరుగాంచిన మహనీయులలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు అగ్రగణ్యులు. వారి పూర్వుల ఊరైన మోక్షగుండము ఆంధ్రదేశమున గిద్దలూరు ప్రాంతమున కలదు. వారు జన్మించినది మైసూరు సంస్థానమందలి ముద్దెనహళ్ళిలో. బాల్యముననే తండ్రి గతించెను. బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పుచు, తాము చదువుకొని 1881లో బి.ఏ. పట్టము పొందిరి. పిదప పూనా చేరి, 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథములుగా నిలిచిరి.

1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువున ప్రవేశించి, నాసికలోను, ఖాందేశములోను, పూనాలోను పనిచేసిరి. ఖడక్‌వాస్లా జలాశయమునకు తామే కల్పించిన స్వయంచాలక తలుపుల నమర్చిరి. 1908 నాటి మూసీ వరద పిమ్మట హైదరాబాదు ప్రభుత్వము వారిని రప్పించెను. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు వారి సలహాకు ఫలములు. 1956 వరకు మన రాజురాయు ఆ హైదరాబాదు రాజ్యములోనిదే.

1912 నుండి 1918 వరకు వారు మైసూరు దివానుగా నుండిరి. మైసూరు అడవులలోని శ్రీగంధపుచెక్క ఆ దినములలో ఐరోపాకు, ముఖ్యముగా జర్మనీకి పోయెడిది. అచ్చట దాని నుండి నూనె తీసెడివారు. చెట్టు మనది, లాభము వారిది! 1914లో యుద్ధము వచ్చి ఓడలు నిలిచిపోగా, చెక్క కొనువారు కరవైరి. ఆ కష్టమునే అవకాశముగా గైకొని, 1916లో సంస్థానముననే నూనె తీయుట ఆరంభించిరి. పిదప సబ్బు పరిశ్రమయు వెలసెను.

దీనిలోని అర్థశాస్త్రము నొకింత గమనింపుడు. ఒక దేశము 100 రూపాయల చెక్కను అమ్మెననుకొందము. రెండవ దేశము నూనె తీసి, 300 రూపాయలకు మూడవ దేశమున కమ్మినది. ఎగుమతుల లెక్క 400 అగును. కాని నిజముగా పుట్టిన విలువ 300 మాత్రమే. చెక్క వెల రెండుమారులు లెక్కకు వచ్చినది. రెండవ దేశము తన శ్రమచే చేర్చినది 200 మాత్రమే.

ఇట్టి చిక్కును విడదీయు పట్టికలను అమెరికాలో వాసిలీ లియోంటిఫ్ అను పండితుడు 1936లో ప్రకటించి, 1973లో నోబెల్ బహుమానము పొందెను. ప్రతి పరిశ్రమ సరుకు ఎవరికెంత పోయినదో అడ్డువరుస చెప్పును. అది ఎవరివద్ద ఎంత కొన్నదో నిలువువరుస చెప్పును. అమ్మిన దానిలో కొన్నది తీసివేయగా మిగిలినదే చేర్చిన విలువ. పలుదేశముల పట్టికలను జతపరచి, 2013 నుండి అంతర్జాతీయ సంస్థలు ఈ లెక్కలను ప్రకటించుచున్నవి. సెల్‌ఫోను ఒక దేశమున బిగింపబడినను, దాని వెలలో ఏ దేశమున కెంత దక్కునో ఇట్లే తెలియును.

విశ్వేశ్వరయ్యగారు ఈ పట్టికలు లేని కాలముననే అందలి సారమును గ్రహించిరి. భద్రావతి ఇనుప కర్మాగారమునకు పునాది వేసిరి; 1934లో ఆర్థిక ప్రణాళికపై గ్రంథము వెలువరించిరి. 1955లో భారతరత్న బిరుదమందిరి. నూరేండ్లు దాటి జీవించి, 1962లో పరమపదించిరి.

బాలబాలికలారా! మన పొలముల ప్రత్తి ఊరు దాటునప్పుడు గింజ తీయుట, దారము వడకుట, బట్ట నేయుట ఎచ్చట జరుగుచున్నవో, ఏ పనికి ఎంత విలువ చేరుచున్నదో మీ పెద్దలనడిగి వ్రాసికొనుడు. మీరును ఒక చిన్న పట్టికను సిద్ధపరచినవారగుదురు.