గడ్డిపూలను గ్రంథాలకెక్కించిన వైద్యుడు

మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల్లో తునికాకు కోసే వారిలో విలియం రాక్స్‌బర్గ్ పేరు విన్నవారు అరుదు. తునికి చెట్టుకు శాస్త్రజ్ఞులు నేటికీ వాడుతున్న పేరు ఆయన పెట్టినదే. మన బీళ్లలో పూసే గడ్డిపూలను కూడా ఆయన అంతే శ్రద్ధగా చూశారు.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో జన్మించారు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చారు. 1781 నుంచి సామర్లకోటలో ఉంటూ తోట వేసి మిరియాల సాగు ప్రయత్నించారు. అక్కడి కరువును కళ్లారా చూసి, కొబ్బరి, పనస వంటి చెట్లు విరివిగా నాటించాలని కంపెనీకి రాశారు.

అంతవరకు కూడబెట్టిన ఎండుమొక్కలు, పుస్తకాలు 1787 నాటి కోరంగి ఉప్పెనలో పోయాయి. ఆయన నిరాశ పడక మళ్లీ మొదలుపెట్టారు. స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించారు. తెలుగువారు పిలిచే పేర్లు అడిగి రాసుకున్నారు. సోమిడ చెట్టు శాస్త్రనామం ఆ తెలుగు పేరు నుంచే వచ్చింది.

కోరమండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 1795 నుంచి వెలువడింది. అందులో గడ్డి మధ్య, పొదల మధ్య నేలపై పెరిగే ఒక ఆర్కిడ్ బొమ్మ ఉంది. దాని పూరేకులు పసుపు కలిసిన ఆకుపచ్చ. దీన్ని అంతకుముందే కోనిగ్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించారు. ఆయన 1785లో కాకినాడ జగన్నాథపురంలో జబ్బుపడి మరణించినప్పుడు వైద్యం చేసింది రాక్స్‌బర్గే. కోనిగ్ వర్ణన 1791లోనే అచ్చయినందున ఆ పూవుకు ఆయన పెట్టిన పేరే నిలిచింది. రాక్స్‌బర్గ్ వేయించిన బొమ్మ మాత్రం నేటికీ ఉంది.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షశాస్త్ర తోటకు అధిపతి అయ్యారు. 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. ఆయన వేయించిన బొమ్మలు 2,500కు పైమాటే. వాటిని వేసిన మనవారిలో చాలామంది పేర్లు ఎక్కడా నమోదు కాలేదు.

ఆర్కిడ్ విత్తనం ధూళి వంటిది. అందులో మొలకకు కావలసిన ఆహారం ఉండదు. మట్టిలోని ఒక రకం బూజు తోడైతేనే మొలుస్తుంది. అందుచేత ఒకసారి దున్నిన బీడులో ఈ మొక్కలు తిరిగి రావడం కష్టం. జనగామ మెట్టల్లో, అడవి అంచుల్లో మిగిలిన గడ్డి బీళ్లను పనికిరానివని దున్నేముందు, వానాకాలంలో ఒకసారి తిరిగి చూడడం మంచిది. అక్కడ పూసే పూలకు పెద్దలు చెప్పే పేర్లను కూడా రాసిపెట్టుకోవాలి.