డ్రయ్యర్ ఆగేలోపు రాసిన కథలు

నేను చదివింది బీఎస్సీ కెమిస్ట్రీ. ఇంగ్లిష్ సాహిత్యంతో పెద్దగా పరిచయం లేదు. సన్నగా ఉంది, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు అయిపోతుందని లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం రేమండ్ కార్వర్ కథలు. కథల కన్నా ఆయన జీవితమే నన్ను ఎక్కువగా పట్టుకుంది.

1938లో ఒరెగాన్‌లో పుట్టారు. తండ్రి సామిల్లు కార్మికుడు. 19 ఏళ్లకే పెళ్లి, భార్య మేరియన్‌కి అప్పటికి 16. ఇరవయ్యో ఏట ఇద్దరు పిల్లల తండ్రి. చీకో కాలేజీలో జాన్ గార్డనర్ దగ్గర రచన నేర్చుకున్నారు. ఇంట్లో రాసుకునే చోటు లేదని తెలిసి ఆ గురువు తన ఆఫీసు తాళం ఇచ్చారట. తర్వాత శాక్రమెంటోలో ఓ ఆసుపత్రిలో రాత్రిపూట ఊడ్చి తుడిచే పని చేశారు. అయోవాలో ఉండగా లాండ్రీలో డ్రయ్యర్ ఖాళీ కోసం ఎదురుచూస్తూ, తన బతుకులో నవలకి చోటు లేదని గ్రహించారు. ఒక్క కూర్చోవడంలో తెమిలేవి కథా, కవితే. అందుకే అవి రాశారు.

1968లో తొలి కవితల పుస్తకం, 1976లో తొలి కథల సంపుటి వచ్చాయి. ఈలోగా తాగుడు ఇంటిని కూల్చింది. 1977 జూన్ 2న మానేశారు, మళ్లీ ముట్టలేదు. 1980లో సిరక్యూస్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. 1983లో ఏడాదికి 35,000 డాలర్ల చొప్పున అయిదేళ్ల పురస్కారం వచ్చింది. వేరే ఉద్యోగం చేయకూడదన్నది షరతు. పాఠాలు మానేసి, మళ్లీ కవిత్వం వైపు మళ్లారు. 1988లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో, 50 ఏళ్లకే పోయారు.

నా మనసు మాత్రం మేరియన్ దగ్గరే ఆగిపోయింది. హోటళ్లలో వడ్డించి, ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అమ్మి, ఆయన చదువుకీ రాతకీ వీలు కల్పించింది ఆవిడే. తన చదువు వాయిదా వేసుకుంటూ, ఆలస్యంగానైనా డిగ్రీ తెచ్చుకుని హైస్కూల్లో ఇంగ్లిష్ టీచరయ్యారు. 1982లో విడాకులయ్యాయి. 2006లో ఆ కాపురం గురించి తనే ఒక పుస్తకం రాశారు.

పన్నెండేళ్లుగా నా సర్టిఫికెట్లు సూట్‌కేసు అడుగునే ఉన్నాయి. నిన్న బయటికి తీశాను. ఈ నాలుగు ముక్కలూ మా అపార్ట్‌మెంట్ లాండ్రీ గదిలో, రెండు లోడ్ల బట్టలు ఆరేలోపు రాసినవే.