ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు - చీరాల పేరాల తీర్పు

మన సంఘ వార్షిక సభలకు విచ్చేయు సోదరులు ఎన్నికలు సమీపించినప్పుడెల్ల మమ్మొక ప్రశ్న యడుగుచుందురు. మన నేతకులమువారి వోట్లు ఏ పక్షమునకు చెందవలెనని వారి ప్రశ్న. బడిలో శబ్దమంజరి చెప్పుకొని కాలము గడపిన మేము దీనికి సమాధానము చెప్పజాలినవారము కాము. కాని వోటు లేని దినములలో, మగ్గముపై బ్రదుకు జనము మెండుగా గల యొక చిన్నయూరు తన యభిప్రాయము నెట్లు వెల్లడించెనో, ఆ యూరికి నాయకుడైన మహనీయుని చరిత్రముతో గూడ విన్నవింపదలచితిమి.

గోపాలకృష్ణయ్యగారు 1889 జూన్ 2వ తేదీన కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించిరి. పుట్టిన మూడవనాడు తల్లియు, మూడవయేట తండ్రియు గతింపగా బంధువుల పెంపకమున పెరిగిరి. బాపట్ల తాలూకా కచేరిలో కొన్నాళ్లు కొలువు చేసి, పిమ్మట మిత్రుని తోడ్పాటుతో సీమకేగి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమొందిరి. ఆనంద కుమారస్వామిగారితో గలసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించిరి. ఆ గ్రంథము 1917లో వెలువడెను. స్వదేశమునకు మరలి రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును అధ్యాపకులైరి. పరుల యదుపున నిముడని స్వభావము వారిది. తుదకు చీరాల వారికి కార్యక్షేత్రమయ్యెను.

చీరాల, పేరాల నాడు గుంటూరు మండలములోని జంటయూళ్లు. రెంటను గలిపి జనసంఖ్య 15,000 పైచిలుకు. యూనియను పాలనలో ఏటికి సుమారు 4,000 రూపాయలు పన్ను చెల్లించుచుండిన యీ యూళ్లను ప్రభుత్వమువారు 1919లో మునిసిపాలిటీగా మార్చిరి. దానితో పన్ను 40,000 రూపాయల వరకు పెరుగు స్థితి వచ్చెను. పన్ను పదింతలైనను నేతకూలి పదింతలు కాదు గదా! ఊరివారు మహజరులు పంపుకొనిరి. ఫలము లేకపోయెను.

అప్పటి వోటు సంగతి కొంత తెలుపవలసియున్నది. 1920లో జరిగిన శాసనసభ యెన్నికలలో ఆస్తిని, చెల్లించు పన్నును బట్టియే వోటు లభించెను. చెన్నరాజధానిలో నూటికి ముగ్గురు నలుగురికి మించి ఆ హక్కు లేదు. కాంగ్రెసువారు ఆ యెన్నికలను బహిష్కరించిరి. బ్రాహ్మణేతరుల పక్షమని పేరొందిన జస్టిసు పార్టీవారు మంత్రివర్గము నేర్పరచిరి. స్థానిక స్వపరిపాలన శాఖ పానగల్లు రాజావారి యధీనమయ్యెను. జనము కులమును బట్టియే మొగ్గునని తలచువారు ఇచ్చట నొకింత నిలిచి యోచింపవలెను. ఆ యూరి నేతవారు బ్రాహ్మణేతరులై యుండియు, బ్రాహ్మణుడగు గోపాలకృష్ణయ్యగారి వెంట నడచిరి. తమ గంజికుండపై బడిన పన్నును తన కష్టముగా నెంచినవాడాయన యని వారి విశ్వాసము.

ఎన్నికైన మునిసిపలు సభ్యులు రాజీనామాలిచ్చిరి. జనులు పన్ను చెల్లింపమనిరి. పండ్రెండుగురు చెరసాలకేగిరి, అందొక స్త్రీయు గలదు. గోపాలకృష్ణయ్యగారు రామదండను పేర స్వయంసేవకులను గూర్చిరి. 1921 మార్చి కడపట బెజవాడలో కాంగ్రెసు సభలు జరిగినప్పుడు జనసమ్మర్దమును శాంతపరచినది ఆ దండే. ఆ సభల పిదప ఏప్రిల్ 6వ తేదీన మహాత్మాగాంధి చీరాలకు వచ్చి, శాంతముతో పన్ను నిరాకరించుటయో, ఊరు విడిచిపోవుటయో యని రెండు మార్గములు చూపిరి. ఊరివారు రెండవదానినే వరించిరి. ఆ నెలలోనే 13,000 మందికి పైగా ఇండ్లకు తాళములు వేసి, మునిసిపలు పొలిమేర దాటి, పాకలు వేసికొని, ఆ స్థలమునకు రామనగరమని పేరిడిరి.

గుంటలో దిగి మగ్గము నేయువానికి ఇల్లు విడుచుటయన జీవనాధారమును విడుచుటయే. అట్లయ్యు ఎండను, వానను సహించి వారు పదునొకండు మాసములు అట నిలిచిరి. ఇంతలో గోపాలకృష్ణయ్యగారు ధనసహాయమునకై బరంపురమేగి, ప్రసంగింపరాదను నిషేధమును మీరినందున ఏడాది శిక్షకు గురియై తిరుచిరాపల్లి చెరసాలలో నుండిరి. నాయకుడు లేడు, ధనము లేదు. జనులు కన్నీటితో ఇండ్లకు మరలిరి. మునిసిపాలిటీ నిలిచెను.

గోపాలకృష్ణయ్యగారు విడుదలయైన పిదపను దేశసేవ మానలేదు. దారిద్ర్యమును క్షయవ్యాధియు వారిని క్రుంగదీసెను. 1928 జూన్ 10వ తేదీన, ముప్పది తొమ్మిదవయేడు నిండిన యెనిమిదవనాడు, కీర్తిశేషులైరి.

అంతమందిని పాకలపాలు చేయుట తగునాయని వారిని నిందించినవారు కలరు. ఆ నింద పూర్తిగా నిరాధారమని మేమనజాలము. పసిబిడ్డలతో వాననీటిలో గడపిన తల్లుల కష్టము చిన్నది కాదు. కాని వోటుపెట్టె లేని జనము తమ యిండ్ల తాళపుచెవులతో దీర్పు చెప్పిరి. ఓడినంత మాత్రమున తీర్పు తీర్పు కాకపోదు.

1951-52 ఎన్నికలనాటికి వయోజనులందరికిని, నేతవానికిని వాని యిల్లాలికిని, వోటు లభించెను. కావున మమ్మడుగు సోదరులకు మా మనవి యిది. అభ్యర్థి కులమేదని విచారించుటకు ముందు, మన మగ్గమునకును గంజికుండకును ఎవడు బాధ్యుడగునో విచారింపుడు. పదునొకండు మాసముల కష్టమున కోర్చి మన పెద్దలు నేర్పిన పాఠమును, ఏ పక్షము చేతనో పెట్టు నాలుగు రూకలకు మరువకుడు.

శుభం భూయాత్.